ఆబిడ్స్‌లో ఆదివారం

హైదరాబాదు నగరం నడిబొడ్డున ఆబిడ్స్ అనే పేట ఉన్నది. మామూలు రోజుల్లో అక్కడి బట్టల దుకాణాలూ, చెప్పుల దుకాణాలూ, హోటళ్ళూ జనంతో కిటకిటలాడుతూ ఉంటాయి. ఆదివారంనాడు ఆ దుకాణాల్లో చాలా భాగం మూతపడతాయి. అట్లా మూసిన తలుపుల ముందు, కాలిబాట మీద, ఆ ఒక్కరోజూ మరొక బజారు వెలుస్తుంది. అది పాత పుస్తకాల బజారు.

నేల మీద గోనెపట్టాలు పరుస్తారు. వాటి మీద పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. డాక్టర్లు చదివే లావుపాటి గ్రంథం పక్కనే బొమ్మల కథల పుస్తకం ఉంటుంది. మనకు కావలసింది వెతుక్కోవటం మన పని.

ఆబిడ్స్ అనే పేరు ఎట్లా వచ్చిందనుకున్నారు? ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన ఉండేవాడు. ఆయన ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆ దుకాణం ఎప్పుడో పోయింది. పేరు మటుకు పేటకు మిగిలిపోయింది.

ఈమధ్య ఒక ఆదివారంనాడు నేను మా మేనకోడలు బుజ్జిని వెంటపెట్టుకుని అక్కడికి బయలుదేరాను. బుజ్జికి పదేళ్ళు. అంతకు ముందు రాత్రి అది నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"మామయ్యా, మీ చిన్నప్పుడు ఫోన్లు లేవు గదా. మరి సెలవురోజున మీరు పొద్దస్తమానం ఏం చేసేవాళ్ళు?"

"రేపు చూపిస్తాను, రా," అన్నాను.

మేము చిక్కడపల్లిలో మెట్రో రైలెక్కాము. ఈ దారిన మెట్రో 2020లో మొదలయింది. రైలు ఇళ్ళ కప్పులకన్న ఎత్తున పోతుంది గనక, నేను పుట్టి పెరిగిన వీధులు కాళ్ళకింద నుంచి జారిపోతున్నట్టు కనిపించాయి. అదివరకు ఈ దారిన మేము సిటీబస్సులో పోయేవాళ్ళం. అప్పట్లో నగరంలో రెండంతస్తుల బస్సులు కూడా ఉండేవి. పై అంతస్తులో, అన్నిటికన్న ముందు సీటులో కూర్చోవటానికి పిల్లలం కాట్లాడుకునేవాళ్ళం. తరవాత ఆ బస్సులు ఆగిపోయాయి. 2023లో కరెంటుతో నడిచే డబల్ డెక్కర్లు మూడు మళ్ళీ ఊళ్ళోకి వచ్చాయి.

చిక్కడపల్లికి దగ్గిరలోనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉన్నది. సంధ్య, దేవి, సుదర్శన్ మొదలైన సినిమా హాళ్ళు అక్కడ ఒకచోటనే ఉండేవి. మేము సినిమా చూసింది తక్కువ, సినిమా బొమ్మలు చూసింది ఎక్కువ. కొత్త సినిమా వచ్చిందంటే హాలు ముందు తాటిచెట్టంత బొమ్మ నిలబెట్టేవాళ్ళు. 1986 మార్చిలో 'సింహాసనం' వచ్చింది. తెలుగులో తీసిన మొట్టమొదటి 70 ఎం.ఎం. సినిమా అది. దాన్ని చూడకముందే మేము వీధిలో కర్రకత్తులతో దాన్ని ఆడేశాము!

"టీవీ లేదా, మామయ్యా?" అన్నది బుజ్జి.

ఉన్నది. కాని అది మా ఇంట్లో కాదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమయింది. నాకు జ్ఞానం వచ్చేనాటికి మా వీధి మొత్తానికి ఉన్న టీవీ ఒకటే. వీధి చివర, పింఛను పుచ్చుకుంటున్న ఒక మాస్టారింట్లో అది ఉండేది. దానికి చెక్కతలుపులు ఉండేవి. కార్యక్రమం వేళకు మాస్టారు ఆ తలుపులు తెరిచేవారు. అందులో బొమ్మ నలుపూ తెలుపే.

బొమ్మ సరిగా రాకపోతే ఒకడు మేడ ఎక్కి యాంటెనా తిప్పేవాడు. యాంటెనా అంటే అల్యూమినియం గొట్టాలతో చేసిన చట్రం. టీవీ కేంద్రం గోపురం నుంచి వచ్చే రేడియోతరంగాలను అది పట్టుకుంటుంది. దాని ముఖం గోపురం వైపు ఉంటేనే బొమ్మ తేటగా వస్తుంది. కాకులు వాలినా, గాలి వీచినా అది పక్కకు తిరిగేది. వెంటనే బొమ్మ మీద మంచు కురిసినట్టయేది. పైనుంచి, "వచ్చిందా?" అని కేక, కిందినుంచి, "రాలేదు, ఇంకొంచెం తిప్పు!" అని కేక. శుక్రవారంనాడు చిత్రలహరిలో పాటలు వచ్చినా, ఆదివారంనాడు సీరియల్ వచ్చినా, మా వీధి పిల్లలంతా ఆ గదిలో నేల మీద కూర్చునేవాళ్ళం. గుమ్మం బయట చెప్పులు గుట్టపడేవి.

సుల్తాన్ బజారులో రైలు దిగాము. ఇక్కడ చూడతగ్గ గ్రంథాలయం ఒకటి ఉన్నది. దాని పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. నిజాం పాలనలో తెలుగు చదువులకు ఆదరణ లేని కాలంలో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైన పెద్దలు పూనుకుని దాన్ని స్థాపించారు. అక్కడి నుంచి కోఠీకి నడిచాము. కోఠీ అంటే పెద్ద బంగళా. బ్రిటిషు రెసిడెంటు కోసం రెండు వందల ఏళ్ళకు పూర్వం కట్టిన భవనం మూలాన ఆ పేటకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడా ఆవరణలో మహిళా విశ్వవిద్యాలయం ఉన్నది.

ఆబిడ్స్ చేరేసరికి పదయింది. ఒక ఇరానీ హోటల్లో కూర్చుని నేను టీ, బుజ్జి ఉస్మానియా బిస్కట్లు తెప్పించుకున్నాము. ఎదుటి కాలిబాట మీద పుస్తకాలు పరుస్తున్నారు. అదే కాలిబాట మీద నేను చిన్నప్పుడు చేసిన ఒక పని గురించి దానికి చెప్పాను. అది ఇప్పుడు మీకూ చెబుతాను.

అది 1986 జనవరి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. జనవరి వచ్చిందంటే హైదరాబాదు పిల్లలకు నుమాయిష్ తప్ప మరొక ధ్యాస ఉండదు. నుమాయిష్ అంటే ఎగ్జిబిషన్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న యువకులు కొందరు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని ప్రారంభించారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. దేశం నాలుగు మూలల నుంచీ వర్తకులు వచ్చి అక్కడ కొట్లు పెడతారు. పిల్లలకు కావలసింది కొట్లు కాదు గదా! మాకు చిన్న రైలు కావాలి, రంగులరాట్నం కావాలి. వీటన్నిటికీ మించి, మృత్యుకూపం కావాలి.

మృత్యుకూపం అంటే చెక్కలతో కట్టిన పెద్ద నుయ్యి. ఒక మనిషి మోటారుసైకిలు ఎక్కి ఆ నూతి గోడ మీద గిరగిరా తిరుగుతాడు. అతను ఎందుకు కింద పడడో అప్పుడు నాకు తెలియదు. బండి ఎప్పుడూ తిన్నగా పోవాలని చూస్తుంది. గుండ్రని గోడ దాన్ని లోపలికి తిప్పుతూ ఉంటుంది. వేగం హెచ్చినకొద్దీ చక్రాలు గోడను మరింత గట్టిగా ఒత్తుతాయి. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బండిని కిందికి జారనివ్వదు. వేగం తగ్గితే రాపిడి చాలదు, మనిషి జారిపోతాడు.

మా వీధి పిల్లలంతా నుమాయిష్‌కు పోవాలని నిశ్చయించుకున్నారు. అమ్మ నాకు ప్రవేశ రుసుమూ, రైలు ఎక్కటానికి కొంత చిల్లరా ఇచ్చింది. మృత్యుకూపానికి అవి చాలవు. మళ్ళీ అడిగితే, "ఉన్నదాంతో సరిపెట్టుకో, నాన్నా," అన్నది.

మా ఇంట్లో ఒక పుస్తకం ఉండేది. అది అమ్మది. ఆమె చిన్నతనంలో, 1960ల నాడు, ఇంటికి వచ్చిన చందమామలన్నిటినీ మా తాతయ్య ఒకటిగా కుట్టించి, ఆకుపచ్చ గుడ్డ అట్ట వేయించాడు. మొదటి పేజీ మీద ఊదా సిరాతో అమ్మ పేరు రాసి ఉండేది. అందులో 'రాకాసి లోయ' అనే సీరియల్ వచ్చేది. దాన్ని రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు ఆ పేజీల మీద వేసేవారుకాదు. ఎవరు రాశారో తెలియకుండానే తెలుగుదేశంలో పిల్లలందరూ అది చదివారు. అమ్మ ఆ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల్లో దాచుకునేది.

మా వీధిలో నాకన్న పెద్దవాడొకడు, "ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు కొంటారు," అని నాతో అన్నాడు. ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో ఉండగా నేను ట్రంకుపెట్టె తెరిచి, ఆ పుస్తకం చొక్కా కింద దాచి, వాడి వెంట బస్సెక్కాను.

కాలిబాట మీద పుస్తకాలమ్మే ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంట్లోవాళ్ళు ఇచ్చారా, బేటా?" అని అడిగాడు. ఇచ్చారన్నాను. ఆయన ఆరు రూపాయలు నా చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే మేము నుమాయిష్‌కు పోయాము. నేను మృత్యుకూపం చూశాను. బండి తిరిగినప్పుడల్లా కాళ్ళకింది చెక్కలు వణికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కాని ఎందుకో నాకు అనుకున్నంత సంతోషం కలగలేదు. జేబులో ఇంకా రెండు రూపాయలు మిగిలి ఉన్నాయి. వాటితో ఏమీ కొనుక్కోబుద్ధి కాలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రాలు టీవీలో 'విక్రమ్ ఔర్ బేతాళ్' అనే సీరియల్ వచ్చేది. అది హిందీలో ఉండేది గనక, మాస్టారింట్లో నాయనమ్మగారికి అర్థమయేదికాదు. బేతాళ కథలన్నీ అమ్మకు చందమామలో చదివి తెలుసు. అందుచేత ఆ సమయానికి అమ్మ కూడా వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, ఏం జరుగుతున్నదీ తెలుగులో చెప్పేది.

ఆనాటి కథ ఇది. నలుగురు అన్నదమ్ములు నాలుగు విద్యలు నేర్చి అడవిలో కలుసుకున్నారు. తమ విద్యలు పరీక్షించుకోవటానికి వాళ్ళకు ఒక ఎముక దొరికింది. మొదటివాడు దానికి మాంసం తెప్పించాడు. రెండోవాడు చర్మమూ, వెంట్రుకలూ తెప్పించాడు. మూడోవాడు అవయవాలన్నీ అమర్చాడు. చూడబోతే అది సింహం! నాలుగోవాడు దానికి ప్రాణం పోశాడు. సింహం లేచి నలుగురినీ చంపేసింది.

"రాజా, ఈ నలుగురిలో తప్పెవరిది?" అని బేతాళుడు అడిగాడు. సరిగా ఆ క్షణాన కరెంటు పోయింది!

పిల్లలంతా గోలపెట్టారు. టీవీ బొమ్మ మీద వెలుతురు పడకుండా కిటికీలు మూసి ఉన్నందున, గది మసకచీకటిగా ఉన్నది. అమ్మ నవ్వి, "గోల ఎందుకు? బేతాళుడు అడిగింది మిమ్మల్నే అనుకోండి. మీరే చెప్పండి, తప్పెవరిది?" అన్నది.

ఎముక తెచ్చినవాడిదని ఒకడన్నాడు. నలుగురిదీ అని ఇంకొకడన్నాడు. సింహానిదే అని ఒక చిన్నపిల్ల అన్నది. చాలాసేపు వాదించుకున్నారు. చివరకు అమ్మ విక్రమార్కుడి జవాబు చెప్పింది.

"మొదటి ముగ్గురికీ తాము చేస్తున్నది ఏ జంతువునో తెలియదు. నాలుగోవాడు ఎదురుగా సింహాన్ని చూశాడు. చూసి కూడా ప్రాణం పోశాడు. తెలిసి చేశాడు గనక తప్పు వాడిదే."

తరవాత ఆమె, "చందమామలో శంకర్‌గారు ఈ విక్రమార్కుణ్ణి ఎంత బాగా వేసేవారనుకున్నారు! చేతిలో కత్తి, భుజాన శవం. మా నాన్న కుట్టించిన పుస్తకం ఇంట్లో ఉన్నది. రేపు తెచ్చి అందరికీ చూపిస్తాను," అన్నది.

నాకు గొంతు ఎండిపోయింది. ఆబిడ్స్ దారి చూపినవాడు పెద్దవాడు. కొన్నవాడు ముసలాయన. వాళ్ళెవరికీ ఆ పుస్తకం సంగతి తెలియదు. ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో అది ఎందుకు ఉన్నదో తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

ఇంటికి వచ్చాక అమ్మకు అంతా చెప్పాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. పెట్టె తెరిచి, ఖాళీ అయిన చోట చెయ్యి పెట్టి చూసింది. రాత్రి అన్నం వడ్డించేటప్పుడు కూడా నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పై ఆదివారం అమ్మ నన్ను వెంటపెట్టుకుని ఆబిడ్స్ వెళ్ళింది. ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "వో తో బిక్ గయా, అమ్మా," అన్నాడు. అంటే, అది అమ్ముడుపోయిందని.

"ఎవరు కొన్నారు?" అని అమ్మ అడిగింది.

ఒకాయన కూతురితో సహా వచ్చాడట. ఆ పిల్ల ఇక్కడే నిలబడి పుస్తకం తెరిచి, మూసివెయ్యకుండా చదవసాగిందట. తండ్రి ఎంత పిలిచినా కదలలేదట.

అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "పోనీలే. చదివేవాళ్ళ చేతికే పోయింది," అన్నది.

తరవాత నా జేబులో మిగిలిన రెండు రూపాయలూ నా చేతనే ఇప్పించి, అట్టలేని పాత చందమామలు కొన్నిటిని కొన్నది. అవి నా కోసం కాదు. "నువ్వు ఊరికే మాస్టారింట్లో టీవీ చూస్తున్నావు. వాళ్ళ నాయనమ్మగారికి చదువుదామంటే కళ్ళు ఆనవు. ఇకనుంచి ప్రతి ఆదివారమూ ముందు ఆవిడకు ఒక కథ చదివి వినిపించి, ఆ తరవాత టీవీ చూడు," అన్నది.

నేను అట్లాగే చేశాను. మొదట్లో అది శిక్షలా ఉండేది. కొంతకాలానికి మిగతా పిల్లలు కూడా ముందుగా వచ్చి కూర్చోసాగారు. 1987 జనవరిలో టీవీలో రామాయణం వచ్చేనాటికి మా వీధిలో ఇంకా మూడు నాలుగు టీవీలు వచ్చాయి. అయినా మేమంతా మాస్టారింటికే పోయేవాళ్ళం.

నేను చెప్పటం పూర్తి అయేసరికి బుజ్జి బిస్కట్లు తినటం మానేసింది.

"ఆ పుస్తకం మళ్ళీ దొరకలేదా, మామయ్యా?"

"దొరకలేదు. ఈ దారిన వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంటాను."

"అయితే ఇవాళ నేను చూస్తాను," అని అది లేచింది.

ఎండ ముదిరేదాకా మేము కాలిబాట పొడుగునా వెతికాము. ఆ ముసలాయన ఇప్పుడు లేడు. మాస్టారి ఇల్లూ లేదు. ఆ స్థలంలో అయిదంతస్తుల మేడ లేచింది. 1947లో మొదలైన చందమామ కూడా 2013 నుంచి వెలువడటం లేదు. కాని కాలిబాట మీద పుస్తకాల గుట్టలు మటుకు అట్లాగే ఉన్నాయి. వాటి ముందు గొంతుకూర్చుని చదువుతున్న పిల్లలూ ఉన్నారు.

ఒక గుట్ట అడుగు నుంచి బుజ్జి ఏదో లాగి, "మామయ్యా, ఇదుగో!" అని కేకపెట్టింది.

అది కుట్టించిన చందమామల పుస్తకమే. నా గుండె ఝల్లుమన్నది. కాని దాని అట్ట ఎర్రగా ఉన్నది. అవి 1970ల నాటి సంచికలు. మొదటి పేజీ మీద వంకరటింకర అక్షరాలతో ఎవరో పిల్ల పేరు, దాని కింద 'నాలుగవ తరగతి' అని రాసి ఉన్నది.

"పాపం, ఈ అమ్మాయి పుస్తకాన్ని కూడా ఎవరో అమ్మేశారు," అన్నది బుజ్జి. దాన్ని కొని ఇంటికి తెచ్చాము.

మా అమ్మకు ఇప్పుడు డెబ్భయి అయిదేళ్ళు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ చాలాసేపు చూసింది. ఆ తరవాత నా వైపు చూసి నవ్వింది.

బుజ్జి పెన్ను తెచ్చి, "అమ్మమ్మా, ఇది ఇక నాదే గదా. ఈ పేరు కొట్టేసి నా పేరు రాసుకోనా?" అని అడిగింది.

"కొట్టెయ్యకు. దాని కింద రాసుకో," అన్నది అమ్మ.

ఆ రాత్రి బుజ్జి అమ్మమ్మకు బేతాళ కథ ఒకటి చదివి వినిపించింది. బేతాళుడు ప్రశ్న అడిగేచోట అది ఆగి, పుస్తకం మూసి, "నువ్వే చెప్పు," అన్నది.

పిల్లలూ, మీలో ఎవరైనా ఆబిడ్స్ వెళితే, ఒక ఆకుపచ్చ గుడ్డ అట్ట పుస్తకం కోసం చూడండి. అందులో 'రాకాసి లోయ' ఉంటుంది, మొదటి పేజీ మీద ఊదా సిరాతో ఒక పేరు ఉంటుంది. అది దొరికితే మాకు పంపనక్కరలేదు. ఆ పేరు కింద మీ పేరు రాసుకుని, చదువుకోండి.